తూర్పారబట్టే ఫ్యాన్‌కు గాలి పెంచాలంటే పుల్లీ మార్చాల్నా, రింగు కొట్టియ్యాల్నా, మోటర్ మార్చాల్నా?

కోతలు మొదలైతే చాలు, మా దిక్కు ఎవలో ఒకలు అడుగుతరు, "అన్నా ఫ్యాన్ గాలి సరిపోతలేదు, పెద్ద పుల్లీ ఏస్తె అయితదా" అని. వరంగల్ పక్కన ధర్మసాగర్ దిక్కు మాది, ఎవుసంతోని పాటు ఇంట్ల చిన్న వెల్డింగ్ మిషన్, గ్రైండర్ ఉన్నయి కావట్టి నన్నడుగుతరన్నట్టు. పుల్లీ అనే మాట వింటేనే నాకు కాలిన మోటర్ వైండింగ్, అంటే లోపలి తీగ చుట్ల వాసన గుర్తుకొస్తది, అదెందుకో కింద చెప్త. ఈ ఫ్యాన్ మీద నేను నాలుగైదు తీర్ల ప్రయోగాలు చేసిన, కొన్ని పనిజేసినయి, ఒకటి మోటర్‌ను తిన్నది, ఏ మార్పుకు ఎంత ఫాయిదా, ఎవలకు ఏది పనికొస్తదో నాకు తెలిసినకాడికి రాస్తున్న.

ముందు నా ఫ్యాన్ ఎట్లుంటదో చెప్తే మీదానితోని పోల్చుకోవచ్చు. యాంగిల్ స్టాండ్, 36 ఇంచుల ఫ్యాన్, నాలుగు రేకు రెక్కలు, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటర్, మోటర్‌కు 3 ఇంచుల పుల్లీ, ఫ్యాన్ షాఫ్ట్‌కు 6 ఇంచులది. మోటర్ నిమిషానికి 1440 చుట్లు తిరుగుతది, పుల్లీ సగం కావట్టి ఫ్యాన్ 720. మన దిక్కు కల్లాల కాడ, వడ్లు కొనే సెంటర్ల కాడ కనిపించే కరెంట్ ఫ్యాన్లు శానవరకు ఇట్లనే, కొన్ని చిన్నయి ఉంటయి 22, 24 ఇంచులవి. చుట్టూ రింగు ఉండదు, ముందట జాలి ఉంటే ఉంటది లేకుంటే లేదు.

గాలి ఎందుకు సరిపోదు అంటే, హార్వెస్టర్ కోతకు వచ్చినంక వడ్లల్ల తాలు, గడ్డి పరకలు బాగ వస్తున్నయి, ఎందుకంటే మిషన్ల గాలి పెంచితే గట్టి గింజ ఎనక గడ్డితోని బయటికి పోతదని డ్రైవర్ తక్వ మీద పెడ్తడు, పెట్టకపోతే మనమే లొల్లి పెడ్తం. ఇగ ఆ తాలు సెంటర్‌కు పోయినంక తరుగు రూపంల మన మెడకే చుట్టుకుంటది. కొనుగోలు రూల్ల చెత్త 1 శాతం, మట్టి రాళ్లు 1 శాతం, ఎదగని ముడుచుకున్న గింజ 3 శాతం, తేమ 17 శాతం దాటొద్దని ఉంటది. తేమ ఎండతోని పోతది, తాలు మాత్రం గాలితోనే పోవాలె. ఒకసారి నావి సగం తూర్పారబట్టి సగం అట్లనే పంపితే మిల్లు కాడ మొత్తానికి ఒక్క తీరుగనే కోసిండ్రు, ఏ మిల్లో చెప్పను గానీ ఆ రోజే అనుకున్న, ఈ ఫ్యాన్‌ను ఇట్ల ఇడిస్తే కాదని.

అప్పుడు నేను చేసిన మొదటి పని అందరు చేసేదే. వరంగల్‌ల స్టేషన్ రోడ్ దిక్కు పోయి 4 ఇంచుల పుల్లీ పట్కొచ్చిన, మోటర్‌కు బిగించిన. లెక్క ప్రకారం 720 పోయి 960 అయింది. స్విచ్ ఏస్తే ఫ్యాన్ మోత మస్తు, మా అవ్వ అయితే ఇంట్లకెళ్లి బయటికొచ్చి చూసింది ఏమొచ్చిందో అని. తాలు పోయింది నిజమే, దాంతోపాటు మంచి గింజ గూడ పోయి పక్కోళ్ల కుప్పల పడ్డది, వాళ్లు పాపం నవ్వుకుంట ఊకున్నరు. గంటన్నర నడిచింది. తర్వాత పొగ. వైండింగ్ కాలిపోయింది, మళ్ల చుట్టిపిస్తే రెండు వేలు దాటింది.

ఎందుకు కాలిందో తర్వాత సమజైంది. ఫ్యాన్‌ల గాలి ఎంత పోతది అనేది స్పీడ్‌తోని సమానంగ పెరుగుతది, అంటే మూడో వంతు స్పీడ్ పెంచితే మూడో వంతే గాలి. గాలి నెట్టే జోరు స్పీడ్‌ను రెండుసార్లు గుణిస్తే ఎంతో అంత. కానీ మోటర్ మీద పడే భారం స్పీడ్‌ను మూడుసార్లు గుణిస్తే వచ్చినంత. 1.33ను 1.33తోని, మళ్ల 1.33తోని గుణించుండ్రి, 2.37 వస్తది. అంటే గాలి ముప్పై మూడు శాతం పెరిగితే భారం రెండింతలు దాటి పోయింది. అంతకుముందే మోటర్ ముప్పావు భారం మీద నడుస్తుంటే, ఇప్పుడు 1 హెచ్‌పీ మోటర్ మీద 1.8 హెచ్‌పీ పని పెట్టినట్టు. కాలకపోతే ఏమైతది? అదే 3 కాడ 3.5 ఇంచులది ఏస్తే ఫ్యాన్ 840 అయితది, గాలి 17 శాతం పెరుగుతది, భారం 59 శాతం పెరుగుతది. ఇది కొన్ని మోటర్లు తట్టుకుంటయి, కొన్ని తట్టుకోవు, మోటర్ గుంజే కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి చూస్తేనే తెలుస్తది. మోటర్ నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంప్స్ దాటినయంటే ఆ పుల్లీ మీకు కాదు, అంతే.

ఇంకోటి గూడ ఉన్నది, జనం పట్టించుకోరు. 36 ఇంచుల ఫ్యాన్ 720 మీద తిరిగినప్పుడు రెక్క కొస గంటకు 124 కిలోమీటర్ల స్పీడ్‌ల పోతది, 960 మీద 165. రెక్కను బయటికి గుంజే జోరు స్పీడ్ లెక్క కాదు, స్పీడ్‌ను స్పీడ్‌తోనే గుణిస్తే వచ్చినంత పెరుగుతది. ఊర్ల వెల్డింగ్ పెట్టిన రేకు రెక్క, ఎన్నడో పెట్టిన అతుకు. అది ఊసిందంటే ఎవలకు తాకుతదో దేవునికెరుక.

ఇప్పుడు రింగు కత. ఇది నాకు ఎట్ల తట్టిందంటే మా చిన్నాయిన కొడుకు అమెరికాల బఫెలోల ఉంటడు, ఎరీ అనే పెద్ద సరస్సు పక్కన, ఆ సరస్సు మీదికెళ్లి వచ్చే గాలికి అక్కడ మంచు కుప్పలు కుప్పలుగ పడ్తది. మనకు మంచు అంటే డిసెంబర్ల పొద్దుగాల వడ్ల మీద పట్టా తడిసేంత, వాళ్లకు మంచు అంటే కారు మునిగేంత. దాన్ని ఊడ్చనీకి స్నోబ్లోయర్ అని మిషన్ ఉంటది. ముందట స్క్రూ లెక్క తిరిగేది మంచును లోపలికి గుంజుతది, ఎనక ఇంపెల్లర్ అని రెక్కల చక్రం ఉంటది, అది మంచును గొట్టంలకెళ్లి దూరం ఎగజిమ్ముతది. వాడు వీడియో కాల్ చేసి, "అన్నా నీళ్ల మంచు పడితే గొట్టం జామ్ అయితుంది, దూరం పోతలేదు, పుల్లీ మార్చి స్పీడ్ పెంచాల్నా" అని అడిగిండు. నేను అప్పటికే మోటర్ కాల్చుకొని ఉన్న కావట్టి "పుల్లీ జోలికి పోకు తమ్మీ" అన్న. వాడు ఎవలనో అడిగి తెలుసుకొని చేసిందేందంటే, ఇంపెల్లర్ రెక్కకు బయటి డొక్కుకు నడుమ పావు ఇంచు దాకా సందు ఉంటదట, ఆ సందులకెళ్లి తడి మంచు జారి మళ్ల ఎనక్కే వస్తదట. ప్రతి రెక్క కొసకు గట్టి రబ్బర్ పట్టీ బోల్టులతోని బిగించి ఆ సందు మూసేసిండు. ఇంజన్ అదే, స్పీడ్ అదే, మంచు మాత్రం ఇంతకుముందు కంటే దూరం పడ్తుంది, జామ్ అయితలేదు.

ఫోన్ పెట్టేసినంక నేను కల్లంకాడికి పోయి నా ఫ్యాన్ ఆన్ చేసి రెక్కల పక్కపొంటి ఒక పరక పట్టుకొని చూసిన. పరక ముందటికి ఊగుడు కాదు, రెక్క కొస కాడ పక్కకు, ఎనక్కు తిరుగుతుంది. అంటే ముందటికి నెట్టిన గాలి కొసలకాడ సుడి తిరిగి మళ్ల ఎనక్కే పోతుంది. నేను పైసలు వెట్టి స్పీడ్ పెంచుతున్న, ఇక్కడ గాలి దొంగతనంగ పోతుంది. మీరు గూడ ఈ పరక పరీక్ష చేసి చూడుండ్రి, దూరంకెళ్లి, పొడుగు కట్టెకు దారం కట్టి, చెయ్యి దగ్గర పెట్టకుండ.

రింగు అంటే పెద్ద కత ఏం లేదు. 18 గేజ్ రేకు 8 ఇంచుల వెడల్పు పట్టీ తీసుకొని గుండ్రంగ తిప్పి ఫ్యాన్ చుట్టు బిగించుడు. రెక్కకు రింగుకు నడుమ సందు ఫ్యాన్ సైజ్‌ల వందో వంతు ఉంటే మంచిది, అంటే 36 ఇంచులకు 9, 10 మిల్లీమీటర్లు. చుట్టుకొలత లెక్కేస్తే తొమ్మిదిన్నర అడుగుల పైన వస్తది, 8 అడుగుల షీట్ ఒక్క పట్టీతోని సరిపోదు, రెండు పట్టీలు అతికియ్యాలె, ఈ సంగతి తెల్వక నేను రెండుసార్లు షాపుకు పోయిన. మా తమ్ముని లెక్క రబ్బర్ పెట్టి సందు మొత్తం మూస్తం అనుకోవద్దు, వాళ్లది తడి మంచు, రబ్బర్ ఒరుసుకున్నా నడుస్తది, మనది దుమ్ముల గంటలకొద్దీ ఎండి తిరుగుతది, తాకిందంటే రబ్బర్ మాడుతది. రింగు ఎనక అంచుకు, అంటే గాలి లోపలికొచ్చే దిక్కు, ఇంచున్నర పీవీసీ పైపును నిలువుగ ఒక గీత కోసి అంచు మీద తొడిగితే గుండ్రంగ అయితది, రేకు వాదర కాడ గాలి చీలకుండ సాఫీగ లోపలికి వస్తది. నాకు రేకు, వెల్డింగ్ రాడ్లు, పైపు కలిపి వెయ్యి లోపలనే అయింది, వెల్డింగ్ నాదే కావట్టి. బయట చేపిస్తే ఇంకింత అయితది.

మీ ఫ్యాన్ చిన్నది అయితే, 21, 22 ఇంచుల లోపు అయితే, రేకు కూడ కొనాల్సిన పని లేదు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము లోపలి వెడల్పు ఇరవై రెండున్నర ఇంచులు, దాంట్ల నుంచి ఒక అడుగు ముక్క కోస్తే తయారు రింగు. కానీ డీజిల్, పెట్రోల్, థిన్నర్, ఏదో కెమికల్ ఉన్న డ్రమ్మును గ్రైండర్‌తోని గానీ గ్యాస్‌తోని గానీ కోయకుండ్రి, ఖాళీగ కనిపించినా లోపల ఆవిరి ఉంటది, బాంబు లెక్క పేలుతది. ఇంటి ముందట ఏండ్ల నుంచి నీళ్లకు వాడుతున్న, మూత కోసిన పాత డ్రమ్ము ఉంటది చూడుండ్రి, గసొంటిది తీసుకోండ్రి.

రింగు పెట్టినంక అదే 720 మీద గాలి చక్కగ ఒక పాయ లెక్క ముందటికి వచ్చింది. ఆంప్స్ మళ్ల చూసుకోవాలె, గాలి దారి మారితే భారం గూడ మారుతది, నాకైతే నేమ్‌ప్లేట్ లోపలనే ఉన్నది. ఇంకొక చిన్న పని, రింగు ముందట రేకు ముక్కలు ప్లస్ గుర్తు లెక్క అడ్డంగ నిలువుగ పెట్టిన, ఎందుకంటే ఫ్యాన్ గాలి మెలికలు తిరుక్కుంట వస్తది, వడ్లు ఒక పక్కకు జారి కుప్ప వంకరగ పడ్తది, ఆ ప్లస్ ఆ మెలికను ఇప్పుతది. ఇది తప్పనిసరి కాదు, ఓపిక ఉంటే చేసుకోండ్రి.

అయితే రింగు కంటే ముందు చూడాల్సింది బెల్టు, దీనికి ఒక్క రూపాయి గూడ ఖర్చు లేదు. లేజర్ టాకోమీటర్ దొరికితే ఫ్యాన్ స్పీడ్ కొలువుండ్రి. నాది లెక్క ప్రకారం 720 ఉండాలె, కొలిస్తే 640 చూపించింది, బెల్టు జారుతుంది. పుల్లీ చెయ్యి పెట్టలేనంత వేడి అయితే, కింద నల్లటి పొడి రాలితే బెల్టు జారుతున్నట్టే లెక్క. మోటర్ బందు చేసి బెల్టు నడుమ బొటనవేలుతోని నొక్కితే అర ఇంచు లోపలికి పోవాలె, అంతకంటే ఎక్వ పోతే వదులు, అసలు పోకుంటే బేరింగ్ పాడైతది. రెండు పుల్లీలు ఒకే గీత మీద ఉన్నయా అనేది దారం గుంజి పట్టి చూసుకోవాలె. కొంతమంది స్పీడ్ తగ్గియ్యనీకి మోటర్‌కు రెండు ఇంచుల పుల్లీ పెడ్తరు, 'A' సెక్షన్ అనే సైజ్ బెల్టుకు 75 మిల్లీమీటర్ల కంటే చిన్న పుల్లీ పెట్టొద్దు, బెల్టు అంత మడత తట్టుకోదు, జారుతది, తొందరగ పగులుతది. స్పీడ్ తగ్గియ్యాలంటే ఫ్యాన్ దిక్కు పుల్లీ పెద్దది చెయ్యాలె.

స్పీడ్ తగ్గియ్యాల్నా అని నవ్వుతున్నరేమో, ఇక్కడే అసలు సంగతి ఉన్నది. మన దిక్కు ఇప్పుడు సన్నాలు పెరిగినయి, తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048 గింజ ఎంత చిన్నగ, తేలికగ ఉంటదో మీకు ఎరుకే, 1010 లాంటి దొడ్డు గింజకు పెట్టిన గాలే దానికి పెడితే గట్టి గింజ గూడ తాలుతోని పోతది. 2025-26ల గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర 2389, సన్నాలకు సర్కారు బోనస్ 500, అంటే క్వింటాలుకు 2889. క్వింటాలుకు ఒక్క కిలో గట్టి గింజ ఎగిరిపోయినా వంద క్వింటాళ్లకు 2889 రూపాయలు గాలికి పోయినట్టు, తరుగు తప్పించుకోబోయి ఇంకో తరుగు మనమే కోసుకున్నట్టు. అందుకే రెండు రకాలు ఏసేటోళ్లకు నేను చెప్పేది స్టెప్ పుల్లీ. మోటర్‌కు 3, 3.5 ఇంచులు రెండు మెట్లు, ఫ్యాన్‌కు 7, 6.5 రెండు మెట్లు. 3 మీదికెళ్లి 7కు బెల్టు ఏస్తే 617, సన్నాలకు. 3.5 మీదికెళ్లి 6.5కు ఏస్తే 775, దొడ్డుకు. రెండు జతలు కూడినా పదే వస్తది కావట్టి అదే బెల్టు రెండింటికి సరిపోతది, మోటర్ జరపాల్సిన పని పెద్దగ ఉండదు. లేత్ కాడ చెప్పి చేపించుకోవాలె, రెడీమేడ్ దొరికితే ఇంకా మంచిదే. 775కు గూడ ఆంప్స్ చూడకుండ నడపొద్దు.

మోటర్ మార్చుడు సంగతికొస్తే, 1 హెచ్‌పీ తీసి 2 హెచ్‌పీ పెడితే గాలి పెరుగుతది అని చాలామంది అనుకుంటరు. అదే పుల్లీల మీద 2 హెచ్‌పీ పెట్టినా ఫ్యాన్ అదే 720 తిరుగుతది, ఒక్క పిసరు గాలి పెరగదు. పెద్ద మోటర్ అవసరం ఎప్పుడంటే పుల్లీ మార్చినప్పుడు, లేకుంటే వోల్టేజ్ తక్వ ఉన్నకాడ. మన ఊర్లల్ల సాయంత్రం 230 కాడ 180 వస్తే మోటర్ బలం 61 శాతానికి పడిపోతది, ఫ్యాన్ ఎత్తుకోలేక మూలుగుతది. దానికి మోటర్ మార్చే ముందు వైర్ చూసుకోండ్రి. 1.5 స్క్వేర్ ఎంఎం వైర్ 50 మీటర్లు గుంజి కల్లం కాడ నడిపితే నడుస్తున్నప్పుడు ఎనిమిది వోల్టులే పోతయి గానీ స్టార్ట్ అయ్యేటప్పుడు 30 ఆంప్స్ గుంజితే ముప్పై ఆరు వోల్టులు వైర్‌లనే పోతయి, మోటర్‌కు ఏం మిగులుతది? 2.5 స్క్వేర్ ఎంఎం కేబుల్ కొనుడు కొత్త మోటర్ కంటే సస్త. బాయికాడ త్రీ ఫేజ్ ఉన్నోళ్లకు త్రీ ఫేజ్ మోటరే మేలు, కెపాసిటర్ పంచాయతీ ఉండదు, స్టార్టింగ్ గట్టిగ ఉంటది, కాకపోతే ఒక ఫేజ్ పోతే కాలుతది, అప్పుడు మోటర్‌ను బందు చేసే ప్రివెంటర్ పెట్టుకోవాలె. స్తంభానికి కొండీలు తగిలిచ్చి నడిపేటోళ్లకు నేను ఏం సలహా చెప్ప, ఆ పని చెయ్యకుండ్రి అంతే. తడి నేల, ఇనుప స్టాండ్, ఎర్త్ లీకేజ్ బ్రేకర్ లేకుండ ఫ్యాన్ పెట్టొద్దు.

కరెంటే రాని కల్లం అయితే పెట్రోల్ ఇంజన్ గానీ ట్రాక్టర్ గానీ. 160 సీసీ చిన్న ఇంజన్ ఫుల్ మీద 3600 తిరుగుతది, మోటర్ పుల్లీలే దానికి పెడితే ఫ్యాన్ 1800, రెక్కలు ఊసి పోవుడే. థ్రాటిల్ 2400 కాడ పెట్టి 3 ఇంచులకెళ్లి 10 ఇంచుల పుల్లీకి ఏస్తే మళ్ల 720 వస్తది. ఇంజన్ల ఫాయిదా ఏందంటే థ్రాటిల్‌తోని గాలి తగ్గియ్యచ్చు పెంచచ్చు, సన్నాలకు దొడ్డుకు పుల్లీ మార్చే పని లేదు. కానీ పెట్రోల్ ఖర్చు, మోత, పొగ అన్నీ మనకే. ఇంజన్ స్పీడ్ హద్దు దాటకుండ ఆపే గవర్నర్ స్ప్రింగ్ గుంజి ఇంకింత స్పీడ్ చేద్దామని మా దిక్కు ఒక పోరడు చేసిండు, కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ పగిలింది. బఫెలోల గూడ గవర్నర్ కెలికి ఇంజన్ పోగొట్టుకునేటోళ్లు ఉన్నరని మా తమ్ముడు చెప్పిండు, దేశం ఏదైనా తెలివి ఒక్కటే ఉన్నట్టుంది.

ట్రాక్టర్ ఫ్యాన్ గాలి ముందట మన కరెంట్ ఫ్యాన్ ఆగదు, అది ఒప్పుకోవాలె. పీటీఓ, అంటే ట్రాక్టర్ ఎనక తిరిగే షాఫ్ట్, నిమిషానికి 540 చుట్ల మీద పెద్ద ఫ్యాన్‌ను తిప్పుతది, నలుగురు గంపలు పోస్తున్నా అందుకుంటది. సొంత ట్రాక్టర్ ఉండి రెండు వందల క్వింటాళ్లు పైన వచ్చేటోళ్లకు అదే సరి. ఐదారు ఎకరాలోళ్లు దానికోసం ట్రాక్టర్ కిరాయి తెచ్చుకుంటే డీజిల్, డ్రైవర్, కిరాయి కలిపి తాలు మీద మిగిలింది అండ్లనే పోతది. పీటీఓ షాఫ్ట్ మీద కవర్ లేకుండ నడుపుతరు, అది చూస్తేనే నాకు భయమైతది, లుంగీ గానీ తువ్వాల గానీ అందుకుందంటే మనిషిని చుట్టేస్తది.

రెక్కలు మార్చుడు, వంపు పెంచుడు చివర చెప్తున్న, ఎందుకంటే ఇది ఇంట్ల చేసుకునే పని కాదనే నా అభిప్రాయం. వంపు పెంచితే అదే స్పీడ్ మీద గాలి కొంత పెరుగుతది, ఒక హద్దు దాటితే గాలి తగ్గి ఉట్టి మోత, భారం పెరుగుతది. నాలుగు రెక్కలకు ఒక్క తీరు వంపు రావాలె, బరువు ఒక్క తీరు ఉండాలె, లేకుంటే స్టాండ్ నడుచుకుంట పోతది. ఏదైనా రెక్క వంగిందా, బరువు తేడా ఉందా అనేది తెలుసుకోవాలంటే బెల్టు తీసేసి చేత్తోని మెల్లగ తిప్పి ఇడువుండ్రి, ఎప్పుడు ఒకే రెక్క కిందికొచ్చి ఆగితే అది బరువుగ ఉన్నట్టు, ఎదురు రెక్కకు చిన్న బిల్ల బోల్టుతోని బిగిస్తే సరి.

ఇవన్నీ చెయ్యకుండ గూడ గాలి కలిసొచ్చే ఉపాయం ఒకటుంది, వడ్లు పోసే తీరు. గంపతోని గుభాలున పోస్తే ఏ ఫ్యాన్ అయినా చేతులెత్తుతది. ఒక స్టూల్ ఎక్కి చాటను కొంచెం వంచి పల్చగ పొర లెక్క జారిస్తే సగం గాలికే తాలు పోతది. ఫ్యాన్‌కు వడ్లు పడేకాడికి నాలుగైదు అడుగులు ఉంచాలె. సహజంగ వచ్చే గాలి ఏ దిక్కుకు పోతే ఫ్యాన్ గూడ అటే ఉండాలె, ఎదురు పెడితే రెండు కొట్లాడుకొని దుమ్మంతా మన ముక్కులనే. పొద్దుగాల మంచు మీద పట్టకుండ్రి, తడి తాలు గింజకు అంటుకుంటది, పదకొండు దాటినంక ఎండ తాకినంక పట్టుండ్రి.

ఇగ ఎవలకు ఏది అంటే, ఫ్యాన్ ఉన్నది, గాలి తగ్గినట్టు అనిపిస్తుంది అనేటోళ్లు ముందు బెల్టు, వైర్ చూసుకోండ్రి, సగం మందికి అక్కడనే తీరుతది. ఇంకా సరిపోకుంటే రింగు, వెయ్యి రెండు వేలల్ల ఇంతకంటే మంచి మార్పు లేదు. సన్నాలు దొడ్డు రెండు ఏసేటోళ్లు రింగుతోని పాటు స్టెప్ పుల్లీ. ఉట్టి పెద్ద పుల్లీ ఒక్కటే పెడ్త అంటే నేనైతే వద్దంట. రెండు ఎకరాలోళ్లు అసలు ఫ్యాన్ మీద పైసలు పెట్టకుండ్రి, కొన్ని సెంటర్లల్ల పాడీ క్లీనర్ ఉంటది, లైన్ల ఒక రోజు ఆగినా సరే అండ్ల పోయించుకోండ్రి, దానికి జల్లెడలు గూడ ఉంటయి. మట్టిపెడ్డలు, చిన్న రాళ్లు గాలికి పోవు కదా, వడ్లంత బరువు ఉన్న మట్టిని ఏ ఫ్యాన్ తియ్యలేదు, ఎంత స్పీడ్ పెంచినా వడ్లే ముందు పోతయి. మట్టి సమస్య ఉన్నోళ్లు ఫ్యాన్ కాదు, జల్లెడ కొనుక్కోవాలె.

రింగు పెట్టినా పెట్టకున్నా జాలి మాత్రం ముందట ఎనక రెండు దిక్కులా ఉండాలె, బెల్టుకు రేకు డొక్కు ఉండాలె. ఫ్యాన్ కాడ చాట పట్టేది ఎక్వ ఆడోళ్లే, చీర కొంగు, జడ బెల్టుల పడితే ఒక్క సెకండ్ చాలు. ఇంచు కన్నం ఉన్న జాలి పెట్టుండ్రి, మరీ సన్న జాలి పెడితే గడ్డి పరకలు అడ్డం పడి గాలి ఆగుతది. కండ్లద్దాలు, మూతికి తువ్వాల, ఇవి చెప్తే మా వదిన "నువ్వు పెట్టుకుంటవా ముందు" అంటది, నిజమే, మొన్నటిదాక నేను గూడ పెట్టుకోలే, వడ్ల దుమ్ముకు వారం దగ్గు వచ్చినంక పెట్టుకుంటున్న.

నా ఫ్యాన్ ఇప్పుడు రింగుతోని, స్టెప్ పుల్లీతోని నడుస్తుంది. ఆ 4 ఇంచుల పుల్లీ కొట్టంల మొలకు వేలాడుతుంది, ఏడాదైతుంది. 2 హెచ్‌పీ మోటర్, రింగు, గట్టి రెక్కలు మూడూ ఉన్నోళ్లు ఎవలన్న ఉంటే వచ్చి తీస్కపోండ్రి, పైసలు వద్దు, క్లాంప్ మీటర్ మాత్రం మీదే పట్కరాండ్రి.